ఈస్టర్ ముందు తోమిన ఇత్తడి

నేను తుపాకీ పేలుస్తానని తెలిసినప్పుడు మా తెలుగు చర్చిలో జనం రెండు రకాలుగా చూశారు. మగవాళ్ళు మా ఆయన వైపు జాలిగా చూశారు. ఆడవాళ్ళు, మరి ఇంటి పని ఎప్పుడు చేస్తావని నన్ను అడిగారు. పాస్టర్‌గారొక్కరే పక్కకి పిలిచి, దేన్ని చంపుతావమ్మా అన్నారు. కాగితాన్నండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, కాగితం విషయంలో వాక్యంలో అభ్యంతరమేమీ లేదన్నారు.

నిజంగా కాగితమే. మిషిగన్ పల్లెల్లో గ్రౌండ్‌హాగ్ అని ఒక జంతువుంటుంది. పందికొక్కుకి పెద్దన్న లాంటిది. పొలాల్లో బొరియలు తవ్వుతుంది, సోయా మొక్కల్ని మొదలంటా తింటుంది. ట్రాక్టర్ చక్రం ఆ బొరియలో దిగబడితే రైతు నోటివెంట వచ్చే మాటలు ఇక్కడ రాయలేను. ఇలాంటివాటిని దూరం నుంచి కొట్టడానికి సన్నటి గుండు, బరువైన గొట్టం, పైన దుర్భిణి లాంటి పెద్ద స్కోపు ఉన్న రైఫిళ్ళు ప్రత్యేకంగా ఉన్నాయి. కొన్నాళ్ళు కొట్టాక కొంతమందికి జంతువు మీద ఆసక్తి పోయి గురి మీద మాత్రం మిగిలిపోతుంది. వాళ్ళు క్లబ్బులు పెట్టుకుని, కాగితం మీద గ్రౌండ్‌హాగ్ బొమ్మ వేసుకుని, మామూలు కంటికి ఆ కాగితమే ఆనని దూరం నుంచి దాని గుండెల మీద గీసిన రూపాయి బిళ్ళంత చుక్కని కొట్టాలని చూస్తారు. నేను ఆ జాతిలో కలిశాను. మా పెరట్లో గోంగూర మొత్తం తినేసిన అసలు గ్రౌండ్‌హాగ్‌ని మాత్రం ఏమీ చేయలేకపోయాను, ఎందుకంటే మేముండే ట్రాయ్ ఊళ్ళో ఇళ్ళ మధ్య తుపాకీ పేల్చకూడదు. అది ఆ సంగతి తెలిసినట్టే తీరిగ్గా కూర్చుని తినేది.

నన్ను ఈ దారిలో పెట్టింది మా కంపెనీలో టూల్‌మేకర్‌గా చేసిన ఒక పెద్దాయన. కార్ల విడిభాగాలు చేసే కంపెనీ అది. కొలతల గదిలో నేను ఇంజనీర్‌ని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇనుప ముక్కల్ని కొలవడం, ఇది పనికిరాదని చెప్పడం, చెప్పినందుకు మాటలు పడటం నా ఉద్యోగం. ఒకరోజు లంచ్ టైమ్‌లో ఆయన తన సొంత మైక్రోమీటర్ పట్టుకొచ్చి, ఇది సరిగ్గా చూపిస్తోందో లేదో చూసిపెట్టమన్నారు. చూసి, మీ మైక్రోమీటర్ అబద్ధం చెబుతోందన్నాను. ఆయన కొలతని తప్పన్నవాళ్ళు ఆ బిల్డింగ్‌లో అంతకుముందు లేరట. మొహం ఎర్రగా చేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు దాన్ని సరిచేసుకుని మళ్ళీ వచ్చారు. ఈసారి, దాంతో కొలిచే వస్తువుని కూడా తెచ్చి నా బల్ల మీద నిలబెట్టారు. చిటికెన వేలంత ఇత్తడి గుల్ల. కాల్చేసిన తూటా అన్నమాట.

అప్పటికి మాకు గ్రీన్ కార్డ్ వచ్చి కొద్ది నెలలే. వీసా మీద ఉన్నన్నాళ్ళూ తుపాకీ, తూటా దగ్గరికి పోవద్దని మా లాయర్ చెప్పి ఉండేవాడు. నేను అడిగి కాదు, ఆయన అందరికీ అన్నీ వద్దనే చెప్పేవాడు. కార్డ్ రాగానే జనం ఇల్లు కొంటారు, ఇండియా వెళ్ళొస్తారు. నేను ఒక శనివారం ఆ పెద్దాయన వెంట ఊరి బయట తుపాకీ సాధన చేసే రేంజ్‌కి వెళ్ళాను. మా ఆయన తోడు వచ్చారు గానీ, సాఫ్ట్‌వేర్ మనిషి, శబ్దం పడదు. కార్లోనే కూర్చుని లాప్‌టాప్ తెరుచుకున్నారు.

గురి జాతివాళ్ళు షాపులో తూటాలు కొనరు. సీసా ఆవకాయ కొనేవాళ్ళని మా అత్తగారు ఎలా చూస్తారో, డబ్బా తూటాలు కొనేవాళ్ళని ఆ పెద్దాయన అలా చూసేవారు. తూటా ఇంట్లో చేసుకోవాలి. కాల్చిన గుల్లని పారేయకుండా తెచ్చుకుని, అడుగున మందుకి నిప్పంటించే పాత ప్రైమర్ బిళ్ళని పొడిచి తీసేసి, పేలుడుకి ఉబ్బిన గుల్లని ప్రెస్‌లో పెట్టి మళ్ళీ ఒంటికి సరిపోయేలా నొక్కి, మూతి దగ్గర లోహం అన్నివైపులా ఒకే మందం ఉండేలా చెక్కి, కొత్త ప్రైమర్ కూర్చి, తుపాకీ మందు తూచి పోసి, మీద బుల్లెట్ బిగిస్తారు. మందు తూకం గ్రెయిన్లలో ఉంటుంది. గ్రెయిన్ అంటే గింజే. మా ఊరి కంసాలి గురివింద గింజలతో బంగారం తూచడం చూసి పెరిగినదాన్ని కనుక నాకు అందులో వింతేమీ కనపడలేదు. నా చేతులకి ఆ పని నచ్చింది. ఆఫీసులో ఒకరు చేసినదానికి వంక పెట్టడమే గానీ నేను చేసింది ఏమీ ఉండేది కాదు.

ఆయన రైఫిల్ ట్రిపుల్ డ్యూస్ అని ముద్దుగా పిలిచే పాత రకం. దానికి ఆయన దగ్గర యాభై గుల్లలుండేవి. చాలా ఏళ్ళుగా ఒక్కొక్కటీ తూచి, కొలిచి, తేడా వచ్చినదాన్ని ఏరి పారేస్తూ పారేస్తూ మిగిల్చుకున్న యాభై. ఒక్కోదాని అడుగున ఎర్ర మార్కర్‌తో చిన్న చుక్క పెట్టేవారు. అవి మ్యాచ్‌కి తప్ప బయటికి వచ్చేవి కావు. చూడటానికి మాత్రం పొగచూరి, గోధుమరంగు తిరిగి, మట్టిలో దొరికినవాటిలా ఉండేవి. మూతి దగ్గర గుడ్డతో తుడిచేవారు, అంతే. ఇత్తడి మెరిసేలా పాలిష్ పట్టేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. మెరుపు గుండుని ఎక్కడికీ తీసుకెళ్ళదు అనేవారు. ఆయనకి గిట్టని ఇంకో సంగతి, గురి తప్పాక గాలి మీద నెపం పెట్టడం. నేను మొదట్లో గుండు పక్కకి పోయినప్పుడల్లా గాలి అనేదాన్ని. గాలిని చూసుకోకుండా కాల్చమని నిన్నెవరన్నారు అనేవారు. కొన్నాళ్ళకి మానేశాను.

ఆయన రిటైరయ్యాక కళ్ళు పోవడం మొదలైంది. ముందు కుడికన్ను. చూసే చోటే మసక, చుట్టుపక్కలంతా బాగానే కనపడుతుంది. డాక్టర్ దగ్గర మందు లేదు. ఆయన రైఫిల్‌ని ఎడమ భుజానికి మార్చుకుని, ఎడమకంటితో మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నారు. తర్వాత ఎడమకన్నూ అదే దారి పట్టింది. స్కోపులో బొమ్మ పెద్దదిగా, వెలుగ్గా ఉంటుంది కాబట్టి చుక్క ఇంకా దొరుకుతోంది. చేతికందే దూరంలో ఉన్న చిన్నవస్తువులే మాయమయ్యేవి. త్రాసు ముల్లు కనపడేది కాదు. అందుకని మందు తూచడం నాకు వచ్చింది.

ఆ ఏడాది చివరి మ్యాచ్‌లో జరిగింది చెప్పాలి. కాల్చే లైను మీద బెంచీలుంటాయి, ఒక్కో బెంచీకి ఒక మనిషి. 'ఫైర్' అని కేక వేశాక ఆ మనిషి రైఫిల్‌ని గానీ తూటాల్ని గానీ ఇంకొకరు ముట్టుకోకూడదు. అది ప్రాణాలకి సంబంధించిన రూలు, దాన్ని ఎవరి కోసమూ సడలించరు. పెద్దాయన తూటాల్ని ఒక చెక్క దిమ్మలో నిలబెట్టుకునేవారు. చిల్లులు పెట్టిన పాత దిమ్మ, ఏళ్ళ తరబడి నూనె పట్టి నల్లబడిపోయింది. ఆ నలుపులో గోధుమరంగు తూటాల కోసం ఆయన చెయ్యి తడుముకుంది. ఒకటి పడిపోయి దొర్లింది. దాని కోసం ఆయన వంగినప్పుడు రైఫిల్ గొట్టం పక్కకి తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ అందరూ చూశారు.

లైను మీద రూల్స్ చూసుకునే రేంజ్ ఆఫీసర్ ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా స్నేహితుడు. మ్యాచ్ అయ్యాక దగ్గరికి వచ్చి నేల చూస్తూ చెప్పాడు. "వచ్చే వసంతంలో నీ తూటా నువ్వు చూసి తీసుకోగలిగితే రా. లేకపోతే నిన్ను లైను మీద కూర్చోనివ్వలేను."

పెద్దాయన తలూపారు. తిరిగి వచ్చేటప్పుడు నేనే డ్రైవ్ చేశాను. దారిపొడుగునా ఆయన మొక్కజొన్న ధర గురించి మాట్లాడారు, ఆయనకి మొక్కజొన్న లేదు.

మేం చేయగలిగింది చేశాం. దిమ్మ కింద తెల్ల తువ్వాలు పరిచి చూశాం, ఎండలో ఆ తెలుపుకి ఆయన కళ్ళు చెదిరి రైఫిల్ కూడా కనపడలేదు. కళ్ళు మూసుకుని తడిమి తీసుకోవడం అలవాటు చేసుకుంటానన్నారు. వంటింటి బల్ల మీద ఉత్త గుల్లలతో పట్టుదలగా అభ్యాసం చేశారు. ఒక్కోసారి కుదిరేది, ఒక్కోసారి దిమ్మ బోర్లా పడేది. ఆయన భార్య చనిపోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నెలకో శనివారం ఆ బెంచీ తప్ప ఆయన వారాల్ని వేరుచేసేది ఇంకేమీ లేదు. అది పోతే ఏం చేస్తారోనని నాకు మాత్రం భయంగా ఉండేది. అందుకే ఆ చలికాలం ఆయన యాభై గుల్లల్నీ మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకేం చేయలేకపోయినా తూటాల్లో మాత్రం వంక ఉండకూడదు, దొరికిన తూటా అయినా సూటిగా పోవాలి, అనుకున్నాను. పాత ప్రైమర్లు తీసి, ఆయన కత్తితోనే మూతులు సరిచేశాను. అదే కత్తితో, అదే కొలతకి నా గుల్లలు కూడా చేసుకున్నాను. నాదీ ఆయన రకం రైఫిలే, నా గుల్లలు నూటయాభై. ఆయన దగ్గరే కొన్న ఒకే రకం ఇత్తడి. నావి ఒక డబ్బాలో, ఆయనవి ఇంకో డబ్బాలో, రెండూ బేస్‌మెంట్ బల్ల మీద.

మార్చిలో మా అత్తగారు వచ్చారు. నరసాపురం వైపు మనిషి, ఆరునెలల వీసా, మూడు సూట్‌కేసులు. వచ్చిన రోజే ఇల్లంతా తిరిగి, మీ ఇంట్లో ఇత్తడి ఎందుకు లేదు అమ్మాయ్ అన్నారు. ఇత్తడి లేని ఇల్లంటే ఆవిడ దృష్టిలో ఇంకా కాపురం పెట్టని ఇల్లు. ఇక్కడ ఎవరూ వాడరు అత్తయ్యా అన్నాను. ఆవిడకి ఇక్కడ తోచేది కాదు. టీవీ అర్థం కాదు, బయట మంచు, మాట్లాడటానికి వారానికోసారి చర్చి. రెండో ఆదివారానికే చర్చిలో కానుక పళ్ళేలు నల్లబడిపోయాయని కనిపెట్టారు. మాది స్కూల్ హాలు అద్దెకి తీసుకుని నడుపుకునే చర్చి, పళ్ళేల సంగతి ఎవరికి పట్టింది. ఈస్టర్‌కి ఇలాంటివా దేవుడి ముందు పెట్టేది, నాకివ్వండి తోముతాను అన్నారు. పాస్టర్‌గారు సంతోషంగా సంచీలో వేసి ఇచ్చేశారు. పళ్ళేలు, కొవ్వొత్తుల స్టాండ్లు, ఒక గంట.

మట్టల ఆదివారానికి ముందురోజు శనివారం. నాకు ఓవర్‌టైమ్ ఉండి ఆఫీస్‌కి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి పెరటి గాజుతలుపు దగ్గర ఎండ పడేచోట దుప్పటి పరిచి ఉంది. దాని మీద చర్చి ఇత్తడంతా బోర్లించి ఉంది. దాని పక్కన, స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా వరసలు తీరి, రెండొందల గుల్లలు. కొత్త బంగారంలా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు, ఎర్ర చుక్క అసలే లేదు.

"కిందగదిలో ఇత్తడంతా నల్లబడి పడుంది అమ్మాయ్. ఎలాగూ చింతపండు నానేశాను కదాని అవీ తోమేశాను," అన్నారు అత్తగారు.

ఏ డబ్బాలోవి ఎటు పెట్టారని అడిగాను. డబ్బాలు కూడా జిడ్డుగా ఉంటే కడిగి ఆరబెట్టానన్నారు. ప్రైమర్లూ మందూ తాళం వేసిన బీరువాలో ఉంటాయి కాబట్టి బతికిపోయాం, లేకపోతే వాటినీ కడిగేవారు. ఒంటిచేత్తో అన్ని గుల్లలు, లోపలికి వేలు దూరకపోతే పుల్లకి గుడ్డ చుట్టి మరీ తోమారు. చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. మెచ్చుకుంటానని చూస్తున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం బాగున్నాయి అత్తయ్యా అని, గరాజ్‌లోకి వెళ్ళి కార్లో కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి గుల్లల్ని చూసి, భలే మెరుస్తున్నాయే అన్నారు. ఆ వారం ఆయనతో నేను అవసరానికి మించి మాట్లాడలేదు.

సోమవారం రెండొందలూ ఆఫీస్‌కి పట్టుకెళ్ళి లంచ్ మానేసి కొలిచాను. తూచాను. మూతుల మందం చూశాను. అన్నీ ఒక కత్తితో, ఒక చేత్తో చేసినవి, ఎలా తేడా వస్తాయి? నా పని నేను అంత బాగా చేసుకున్నందుకు మొదటిసారి బాధపడ్డాను. పైగా లెక్కకి ఒకటి తగ్గింది. ఆ ఒకటి ఈస్టర్ ఆదివారం తేలింది. కానుక పళ్ళెంలో దొర్లుతూ ముందు వరసలోకి వచ్చింది. పళ్ళెం పట్టుకున్న అబ్బాయి దాన్ని లిప్‌స్టిక్ మూత అనుకుని, ఎవరిదో చెప్పండని పైకెత్తి చూపించాడు. నేను చెయ్యెత్తాను. పాస్టర్‌గారు ఆ రోజు ప్రసంగంలో ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొట్టే వచనం ఎత్తుకున్నారు, నన్నే చూస్తూ.

అంతకుముందే, వారం మధ్యలో ఒకరోజు, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఏదో యాభై ఏరి ఎర్ర చుక్కలు పెట్టి ఇచ్చేస్తే ఆయన కళ్ళకి తెలిసేది కాదు, ఆ ఆలోచన రాకపోలేదు. కానీ మైక్రోమీటర్ అబద్ధం చెబుతోందన్నదాన్ని నేను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఒక గుల్ల తీసుకుని వేళ్ళ మధ్య తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. అమ్మోనియా ఏమైనా వాడిందా, అమ్మోనియా ఇత్తడిని తినేస్తుంది అన్నారు. లేదు, చింతపండు, ఉప్పు, నీళ్ళు, అంతే. చింతపండంటే ఏమిటన్నారు. పుల్లగా ఉండే కాయ, మేం పప్పులో వేసుకుంటాం అన్నాను.

"అయితే ఏవి నావో ఎవరూ చెప్పలేరు."

"చెప్పలేరు," అన్నాను.

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, పేర్చి ఉన్న కట్టెల ముందు చాలాసేపు నిలబడ్డారు. కిటికీలోంచి వీపు కనపడుతోంది. అరిస్తే బాగుండుననిపించింది. తిరిగి వచ్చి కాఫీ తాగుతావా అన్నారు. కాఫీ అయ్యాక, సరే, రెండొందలూ ఒకే రాశి అనుకుందాం, తూకంలో దగ్గరగా ఉన్నవి ఏరు అన్నారు. మా అత్తగారి గురించి ఒక్క మాట అనలేదు. అంటే నేను సమర్థించాల్సి వచ్చేది, అందుకని అనలేదనుకుంటాను.

ఆయన బేస్‌మెంట్‌లో రెండు శనివారాలు కూర్చుని తూటాలు చేశాం. నేను మందు తూచి పోస్తుంటే ఆయన ప్రెస్ పిడి లాగుతూ బుల్లెట్లు బిగించారు. ఇంత మెరుపేమిటి, బ్యాండు మేళంలో బూరల్లా, నలుగురిలో తలెత్తుకోలేను అని గొణుగుతూనే ఉన్నారు. గొణుగుతూ బల్ల అవతలికి చెయ్యి చాచి, దిమ్మలోంచి ఒక్కోదాన్ని తీసుకుంటున్నారు. నేను త్రాసు ముల్లు చూస్తున్నాను గానీ ఆయన చెయ్యి చూడలేదు.

మేలో మొదటి మ్యాచ్. అత్తగారు కూడా వస్తానన్నారు, తను తోమినవి దేనికి పనికొస్తాయో చూడాలట. చీర మీద స్వెట్టర్, కాళ్ళకి నా స్నో బూట్లు, చెవులకి శబ్దం ఆపే మఫ్‌లు, వాటి మీంచి చెంగు. మడత కుర్చీ వేసి వెనక గడ్డిలో కూర్చోబెట్టాను. క్లబ్బులో జనం వచ్చి హలో చెప్పి వెళ్ళారు. ఆవిడ అందరికీ వందనాలు చెప్పారు.

పెద్దాయన బెంచీ ముందు కూర్చున్నారు. నల్ల దిమ్మ కుడిచేతి పక్కన, అందులో అయిదు తూటాలు. రేంజ్ ఆఫీసర్ వచ్చి ఆయన వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిగతా బెంచీల వైపు అసలు పోలేదు. నేను లైను వెనక, ముట్టుకోకూడని దూరంలో ఉన్నాను. ఎలా తడుముకుంటారో, ఎక్కడ పడేస్తారోనని నా చేతులు రెండూ జేబుల్లో బిగించుకున్నాను.

కేక పడింది. పెద్దాయన స్కోపు మీంచి తలెత్తి దిమ్మ వైపు తిరిగారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా బెంచీ మీద పడుతోంది. నల్లటి చెక్కలో అయిదు దీపాలు పెట్టినట్టుంది. ఆయన చెయ్యి చాపి మొదటిదాన్ని నేరుగా తీసుకున్నారు. తడుముకోలేదు. మామూలు మనిషి బల్ల మీద పెన్ను తీసుకున్నట్టు తీసుకున్నారు. తూటాని రైఫిల్ గదిలో పెట్టి, బోల్టు మూసి, కాల్చారు. మళ్ళీ తిరిగారు, మళ్ళీ తీసుకున్నారు. మూడోదాని దగ్గర ఒక క్షణం ఆగి దిమ్మనే చూస్తూ ఉండిపోయారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయనకి అవి కనపడుతున్నాయి. బేస్‌మెంట్‌లో గొణిగిన రోజునుంచీ కనపడుతున్నాయి. అంత కొలిచినదాన్ని నాకు అది తట్టలేదు.

అయిదూ కాల్చాక కాగితం తెచ్చారు. నాలుగు చుక్కలో ఉన్నాయి. అయిదోది పెన్సిల్ గీతంత బయట. యాభై గుల్లల్ని ఏరుకున్న అన్నేళ్ళలోనూ ఆయనకి వచ్చేది నాలుగే. ఆయన కాగితాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. కలిసిపోయిన గుల్లల వల్లేనేమో అని నేను బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను.

"గాలి," అన్నారు.

నేను ఆయన మొహం చూశాను. ఆయన కాగితం మడతపెట్టుకుంటున్నారు.

రేంజ్ ఆఫీసర్ వంగి ఒక ఖాళీ గుల్ల తీసి, వీటికేం చేశావని అడిగాడు. పెద్దాయన వెనక కూర్చున్న అత్తగారిని చూపించి, ఆవిడని అడుగు అన్నారు. అతను చీరనీ, మఫ్‌లనీ, స్నో బూట్లనీ చూసి అడగదలుచుకోలేదు. గుల్లని జాగ్రత్తగా దిమ్మలో పెట్టి, "వచ్చే నెల ఇదే బెంచీ నీకు ఉంచుతాను," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అత్తగారు తెచ్చిన పులిహోర తిన్నాం. పెద్దాయన పుల్లగా ఉంది, బాగుంది అన్నారు. ఆవిడ గుల్లలు తోమింది దీంతోనే అన్నాను. స్పూను ఆపి ప్లేటు వైపు చూశారు. తర్వాత ఇంకాస్త పెట్టించుకున్నారు. ఏమంటున్నాడని అత్తగారు అడిగితే, బాగా తోమారంటున్నారని చెప్పాను. ఆ మాత్రం తెలీదా అన్నట్టు తలూపారు.

ఆ వేసవంతా ప్రతి మ్యాచ్ తర్వాత పొగచూరిన గుల్లలు మా ఇంటికి వచ్చేవి. అత్తగారు గిన్నెలో చింతపండు నానేసుకుని టీవీ ముందు కూర్చునేవారు. మెరుపు గురించిన పాత మాట పెద్దాయన మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ ఇండియా వెళ్ళిపోయాక నేను తోమాను. నీది అంత బాగా రాలేదన్నారు పెద్దాయన. నిజమే, నాకు అంత ఓపిక లేదు.

మళ్ళీ ఏడాది ఈస్టర్‌కి అత్తగారు సూట్‌కేసులో చింతపండు పొట్లాలతో దిగారు. ఇక్కడి షాపుల్లో దొరికేది ఇత్తడికి పనికిరాదట. తోమిన గుల్లలు నేను పట్టుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పోశాను. ఆయన ఒకటి తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. తర్వాత మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు.

"స్కోపులో చుక్క పోయింది. ఇవి మాత్రం కనపడుతున్నాయి."

ఎప్పటినుంచి అన్నాను. చలికాలం నుంచి అన్నారు. రేంజ్ ఆఫీసర్‌కి ఆయనే ఫోన్ చేసి, ఆ బెంచీకి నా పేరు రాయించారట. రైఫిల్ కూడా నీతోనే ఉండనీ అన్నారు. వద్దనబోయాను. అప్పటికే ఆయన గుల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

మేలో ఆ శనివారం బెంచీ ముందు నేను కూర్చున్నాను. కేక పడకముందు ఎవరైనా లైను మీదకి రావచ్చు. ఆయన వచ్చి డబ్బా తెరిచి, అయిదు తూటాలు ఒక్కొక్కటే తీసి నల్ల దిమ్మలో నిలబెట్టారు. ఒక్కటి కూడా చిల్లు తప్పలేదు. రేంజ్ ఆఫీసర్ చూస్తూ నిలబడ్డాడు. అయిదోది పెట్టాక పెద్దాయన తనంతట తనే వెనక్కి నడిచి, గడ్డిలో మా అత్తగారి పక్కన ఇంకో కుర్చీలో కూర్చున్నారు. లైను మీంచి ఆయన్ని ఎవరూ లేపలేదు.

కాల్చాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే స్కోపులో చుక్క రెండుగా కనపడిందని తర్వాత ఎవరికీ చెప్పలేదు. కాగితం తీసుకుని వెనక్కి వచ్చాను. అత్తగారు మఫ్ ఒకటి పైకెత్తి చూస్తున్నారు.

"ఎన్ని?" అన్నారు పెద్దాయన.

"మూడు," అన్నాను.

ఆ రోజు చెట్టు మీద ఆకు కదల్లేదు. రేంజ్ మీద కట్టిన జెండా కర్రకి అంటుకుపోయి వేలాడుతోంది. ఆయన కాసేపు జెండా ఉండే వైపు మొహం పెట్టి కూర్చున్నారు.

"గాలి," అన్నారు.